పది రోజులకో డీఏపీ బస్తా నాలాలో పోస్తున్నాం

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ సిటీ పేజీలో మా చెరువు ఫొటో వేశారు. పెద్ద మిషన్ ఒకటి గుర్రపుడెక్కను దోసిలితో తోడినట్టు తోడుతోంది, కింద చెరువుకు మంచి రోజులొచ్చాయని నాలుగు మాటలు. ఫొటో బాగుంది. కానీ ఆ గట్టు మీద రోజూ పొద్దున్నే నడిచేవాణ్ని కాబట్టి చెప్తున్నా, ఇదే మిషన్‌ను పోయిన ఏడాదీ చూశాను, అంతకు ముందు ఏడాదీ చూశాను. పీకిన డెక్కను లారీలు వచ్చేదాకా అని గట్టు మీదే గుట్టలు పోస్తారు. కొన్ని లారీలు వస్తాయి, కొన్ని రావు. మిగిలిపోయింది అక్కడే కుళ్లి, నల్లటి రసం కారి, మొదటి వానకే మళ్లీ చెరువులోకి దిగుతుంది. తర్వాత పోయి చూస్తే పిల్ల మొక్కలు తేలుతుంటాయి, వాటి మీద కొంగలు నిలబడి ఉంటాయి. డెక్క పీకడం తప్పని నేననను. దానికి తిండి పెడుతున్నదెవరో ఎవరూ అడగట్లేదనే నా బాధంతా.

నేను 30 ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ సంఘంలో ఎస్‌టీపీ, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, చూసుకునే పని నాది. ఎవరూ ముట్టుకోని పని ఏదైనా ఉంటే దాన్ని రిటైరైనవాడికి అంటగట్టడం సంఘాల్లో ఆనవాయితీ కదా. బ్లోయర్ ఆగిపోయిందన్నా, వాసన వస్తోందన్నా, ట్యాంకర్ పిలవాలన్నా ఫోన్ నాకే. నెలకోసారి ల్యాబ్ వాళ్లు వచ్చి శాంపిల్ తీసుకెళ్లి రిపోర్టు పంపుతారు. అందులో పీహెచ్, బీఓడీ (నీళ్లలో కుళ్లే మురికి కొలత), తేలే మట్టి, బ్యాక్టీరియా అన్నీ ఉంటాయి, అన్నిటి పక్కనా "పరిమితి లోపే" అని ఉంటుంది. సంఘం మీటింగులో దాన్ని చదివి అందరం చప్పట్లు కొట్టుకుని టీ తాగి ఇళ్లకు పోతాం. ఆ నీళ్లలో కొంత మొక్కలకు, కొంత ఫ్లష్‌లకు పోను మిగిలింది పైపులో నాలాకు, నాలా నుంచి చెరువుకు పోతుంది.

ఒకరోజు ఆ రిపోర్టును తిరగేస్తుంటే తట్టింది, డెక్కకు అసలు తిండి భాస్వరం కదా, ఇందులో ఆ గడి లేదే అని. ల్యాబ్ అబ్బాయికి ఫోన్ చేశాను. "అది మీ ప్యాకేజీలో లేదు సార్, విడిగా చేయించుకోవాలి" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. 2017లో కేంద్రం ఎస్‌టీపీలకు ప్రకటించిన ప్రమాణాల్లో పీహెచ్, బీఓడీ, తేలే ఘనపదార్థాలు, మలం నుంచి వచ్చే కోలిఫారం బ్యాక్టీరియా, ఈ నాలుగే ఉన్నాయి. భాస్వరం ఊసు లేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇది చాలదని, పెద్ద నగరాల్లో చెరువుల్లోకి వదిలే నీళ్లలో మొత్తం భాస్వరం లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని చెప్పింది. చెప్పిందే గానీ, మా రిపోర్టులో మాత్రం ఆ గడి ఇంకా పుట్టలేదు.

విడిగా డబ్బు కట్టి చేయించాను. అంకె చూడకముందే అంచనా వేసుకున్నా, లెక్చరర్ బుద్ధి ఎక్కడికి పోతుంది. మనిషి శరీరం నుంచి రోజుకు తక్కువలో తక్కువ ఒక గ్రాము భాస్వరం బయటికి పోతుంది, అందులో ఎక్కువ భాగం మూత్రంలోనే. (1669లో హాంబర్గ్‌లో హెనిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం తీద్దామని మూత్రాన్ని కాచి కాచి చివరికి చీకట్లో మెరిసే పదార్థాన్ని పట్టుకున్నాడు, అదే భాస్వరం. క్లాసులో ఈ కథ చెప్తే వెనక బెంచీ కూడా నిద్ర లేచేది.) మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లనుకుంటే లీటరుకు ఏడు మిల్లీగ్రాముల పైచిలుకు. రిపోర్టు వచ్చింది. నా లెక్కకు కాస్త తక్కువ, ట్రిబ్యునల్ చెప్పిన ఒకటికి మాత్రం చాలా ఎక్కువ. అంటే బ్లోయర్లు గిర్రున తిరిగి, కరెంటు బిల్లు వాచిపోయి, నీళ్లు తేటగా కనబడుతున్నా అందులో భాస్వరం చాలావరకు అలాగే దాటిపోతోంది. మామూలు ఎస్‌టీపీ కట్టేదే బీఓడీ కోసం, భాస్వరం దాని కళ్లకు ఆనదు.

ఇక అసలు లెక్క. 50 కిలోల డీఏపీ ఎరువు బస్తా మీద 18-46-0 అని ఉంటుంది. ఆ 46 అంటే భాస్వరం ఆక్సైడ్ లెక్క, బస్తాలో 23 కిలోలు. అందులో అసలు భాస్వరం పది కిలోలు. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లా పెద్దా కలిపి వెయ్యి మంది ఉంటాం. వెయ్యి మందికి రోజుకు కిలో. కాబట్టి పది రోజులకు ఒక డీఏపీ బస్తాలో ఉండేంత భాస్వరం మా ఇళ్ల నుంచే బయల్దేరుతుంది. కొంత బురదలో ఆగుతుంది, మిగతాదంతా నాలా పాలు. కోటి మంది ఉన్న నగరానికి ఇదే లెక్క వేయండి. రోజుకు వెయ్యి బస్తాలు. డిటర్జెంట్లలో వచ్చేది, హోటళ్ల నుంచి వచ్చేది నేను కలపనే లేదు.

ఈ లెక్క మా అన్నయ్యకు ఫోన్‌లో చెప్పాను. ఆయన ఊళ్లోనే ఉండి వ్యవసాయం చేస్తాడు, సీజన్ వస్తే సొసైటీ దగ్గర పాసుబుక్కు జిరాక్సు పట్టుకుని ఎరువుల లైన్లో నిలబడతాడు. అంతా విని, "అంటే మీరు పారవోసేదే మేం లైన్ల నిలవడి కొంటున్నమా తమ్మీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. మన దేశంలో భాస్వరం ఎరువుకు ముడిసరుకైన రాక్ ఫాస్ఫేట్ రాయి ఉదయ్‌పూర్ పక్కన ఝామర్‌కోట్రాలో, మధ్యప్రదేశ్‌లో కొంత ఉంది, అది చాలదు. విశాఖలో ఎరువు తయారవ్వాలన్నా రాయి ఓడ మీద రావాలి. ప్రపంచంలో తవ్వడానికి మిగిలిన రాయిలో మూడింట రెండు వంతులు మొరాకో, దాని చేతిలో ఉన్న పశ్చిమ సహారాలోనే ఉంది. 2021లో అంతర్జాతీయ ధర పెరిగి బస్తా 2,400 అయితే, రైతుకు 1,200కే ఇవ్వడానికి కేంద్రం బస్తాకు ఇచ్చే సబ్సిడీని ఒక్కసారిగా 500 నుంచి 1,200 చేసింది. ఓడ ఖర్చు, సబ్సిడీ పెట్టి తెచ్చిన వస్తువు పొలం మీదుగా కంచంలోకి, కంచం నుంచి నాలాలోకి, చివరికి గుర్రపుడెక్క పొట్టలోకి పోతోంది. ఆ డెక్కను పీకడానికి మళ్లీ టెండరు.

"ఒక్క భాస్వరమేనా, నత్రజని లేదా, ఇంకా బోలెడు మురికి లేదా" అని మా సంఘంలోనే ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు 1973లో కెనడాలో దొరికింది. ఒంటారియోలో ప్రయోగాల కోసమే కేటాయించిన చెరువుల్లో 226 నంబరు చెరువు నడుము దగ్గర సన్నంగా ఉంటుంది. డేవిడ్ షిండ్లర్ బృందం ఆ నడుము దగ్గర ప్లాస్టిక్ తెర కట్టి చెరువును రెండు చేసింది. రెండు వైపులా కర్బనం, నత్రజని పోశారు. ఒక వైపు మాత్రం భాస్వరం కూడా పోశారు. కొన్ని వారాలకు విమానంలోంచి తీసిన ఫొటోలో ఒక సగం మామూలు నీళ్ల రంగులో ఉంటే, భాస్వరం పోసిన సగం పచ్చటి పెయింటు డబ్బా ఒలికినట్టు ఉంది. నత్రజని తగ్గితే కొన్ని నాచు జాతులు గాలిలోంచి లాక్కుంటాయి, భాస్వరం గాలిలో దొరకదు. అందుకే మంచినీటి చెరువులో పగ్గం వేయడానికి దొరికే కొమ్ము అదే. పగ్గం వేయకపోతే ఏమవుతుందో 2014 ఆగస్టులో అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న టొలీడో నగరం చూసింది. నాచు విషం కుళాయి నీళ్లలోకి వచ్చి దాదాపు ఐదు లక్షల మందిని ఆ నీళ్లు తాగొద్దన్నారు, కాచినా ఆ విషం పోదు.

మరి భాస్వరాన్ని ఎలా ఆపాలి? తెలిసిన దారి పటిక గానీ ఫెర్రిక్ క్లోరైడ్ గానీ వేయడం. నీళ్లలో భాస్వరం ఉండే రూపం ఫాస్ఫేట్, అది దానితో కలిసి అడుగున బురదగా కూర్చుంటుంది. పని అవుతుంది, కాదనను. కానీ ఆ బురదలో ఇరుక్కున్న భాస్వరాన్ని మొక్క తేలిగ్గా తీసుకోలేదు. అంటే చెరువు బాగుపడుతుంది, మా అన్నయ్య లైన్ అలాగే ఉంటుంది. రెండో దారి స్ట్రువైట్. మెగ్నీషియం కలిపితే ఫాస్ఫేట్, అమ్మోనియా కలిసి తెల్లటి గింజల్లా గట్టిపడతాయి, నేరుగా ఎరువుగా చల్లుకోవచ్చు. షికాగోలో స్టిక్నీ అనే మహా పెద్ద మురుగునీటి ప్లాంటులో 2016లో ఇలా తీయడం మొదలుపెట్టారు. అయితే ఇది ఫాస్ఫేట్ చిక్కగా ఉన్న చోట, అంటే బురదను పులియబెట్టాక వచ్చే నీళ్లలాంటి వాటిలో బాగా పనిచేస్తుంది. లీటరుకు ఒకటీ రెండు మిల్లీగ్రాముల పల్చటి నీళ్లలో గింజ కట్టదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం 2010లో పెద్ద నదులకు పెట్టిన గీత లీటరుకు 0.1 మిల్లీగ్రాము. చెరువుకు తేడా తెచ్చేది ఆ చివరి పల్చటి భాగమే, అక్కడికొచ్చేసరికి ఈ పద్ధతులన్నీ చేతులెత్తేస్తాయి లేదా మందు మీద మందు పోయిస్తాయి.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇక్కడ మొదలవుతుంది.

అదే విస్కాన్సిన్‌లో మిల్వాకీ నగరంలో ఉన్న మార్కెట్ (Marquette) అనే యూనివర్సిటీలో బ్రూక్ మేయర్ అనే ప్రొఫెసర్ బృందం ఈ పల్చటి ఫాస్ఫేట్‌ను పట్టడానికి ప్రోటీన్‌ను వాడి చూసింది. 2018లో వచ్చిన వాళ్ల పేపరు చదివి రెండు రోజులు మనసు దాని మీదే ఉంది. ప్రోటీన్ ఎక్కడిదంటే, కలుషిత నీళ్ల వార్త వచ్చిన ప్రతిసారీ మీరు విలన్‌గా రాసే ఈ.కోలై బ్యాక్టీరియాది. ఫాస్ఫేట్ కరువొచ్చినప్పుడు ఆ బ్యాక్టీరియా తన రెండు పొరల మధ్య సందులో ఒక ప్రోటీన్‌ను గుంపులు గుంపులుగా దింపుతుంది. దాని ఆకారం మధ్యలో మడత ఉన్న రెండు దొప్పల్లా ఉంటుంది. ఫాస్ఫేట్ వచ్చి మధ్యలో పడితే గుప్పిట మూసినట్టు మూసుకుంటుంది. లోపల 12 హైడ్రోజన్ బంధాలు దాన్ని అన్ని వైపుల నుంచీ పట్టుకుంటాయి.

నాకు ముచ్చటేసింది ఆ పట్టు గట్టిదనం చూసి కాదు, ఎంపిక చూసి. మన బోరు నీళ్లలో సల్ఫేట్ బోలెడు ఉంటుంది. సల్ఫేట్, ఫాస్ఫేట్ కవలల్లా ఉంటాయి, ఒకే ఆకారం, ఇంచుమించు ఒకే సైజు. నీళ్ల శుద్ధికి వాడే మామూలు రెజిన్ (పూసల్లాంటి పదార్థం) ఇద్దర్నీ గుర్తుపట్టలేక సల్ఫేట్‌తోనే కడుపు నింపుకుంటుంది. ఈ ప్రోటీన్ గుప్పిట లోపల మాత్రం ఒక ఆమ్ల గుంపు కాపలా ఉంటుంది, వచ్చినవాడి దగ్గర హైడ్రోజన్ ఉంటేనే చేయి కలుపుతుంది. మామూలు నీళ్లలో ఫాస్ఫేట్ ఒంటి మీద హైడ్రోజన్ ఉంటుంది, సల్ఫేట్ మీద ఉండదు. అంతే, సల్ఫేట్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఫాస్ఫేట్‌కు ఇంకా దగ్గరి చుట్టం ఆర్సెనేట్ ఉంది, అది విషం. ఈ జాతి ప్రోటీన్లు దాన్ని కూడా వేరు చేయగలవని 2012లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు చూపించారు, మేయర్ బృందం కూడా పూసలకు కట్టిన ప్రోటీన్‌తో అదే చూసింది. ఒక్క హైడ్రోజన్ తేడాతో మనిషిని పోల్చుకునే కాపలావాడు మా గేటు దగ్గర ఒక్కడున్నా బాగుండు.

ఇప్పుడు ఆ ప్రోటీన్‌ను నీళ్లలో ఊరికే కలిపితే అది నీళ్లతోనే కొట్టుకుపోతుంది. అందుకే దాన్ని సన్నటి జిగురు పూసలకు రసాయన బంధంతో కట్టేస్తారు. గుంజకు కట్టిన ఆవు ఉన్న చోటే మేసినట్టు, పూసకు కట్టిన ప్రోటీన్ పక్కనుంచి పారే నీళ్లలోంచి ఫాస్ఫేట్ పట్టుకుంటుంది. కట్టడం మాత్రం కొత్త విద్యేం కాదు. పెన్సిలిన్‌ను విడగొట్టి ఆమాక్సిసిలిన్ లాంటి మందులకు ముడిసరుకు తీసేటప్పుడు ఎంజైమును ఇలాగే పూసలకు కట్టి ఏళ్ల తరబడి వాడుతున్నారు.

మా సెల్లార్‌లో సాఫ్ట్‌నర్ చూసినవాళ్లకు ఇది ఇంకా తొందరగా ఎక్కుతుంది. బోరు నీళ్లకు గీజర్లు పాడవుతున్నాయని పెట్టించాం. నిలువెత్తు ఫైబర్ ట్యాంకు, దాని నిండా రెజిన్. ఒకసారి లోపల జల్లెడ విరిగి పూసలు పైపులోకి వచ్చేస్తే ఆపరేటర్ అరచేతిలో పోసి చూపించాడు. తేనె రంగులో, తడి తడిగా, అచ్చం చేప గుడ్లు. నీళ్లలో సున్నాన్ని పట్టుకుంటాయి, నిండాక ఉప్పునీళ్లు పోస్తే వదిలేసి మళ్లీ ఖాళీ అవుతాయి. ప్రోటీన్ పూసలదీ అదే నడక, ఉప్పునీళ్ల బదులు క్షారం. పేపరులో ఉన్నదేమంటే, పీహెచ్ 4.7 నుంచి 8.5 మధ్య, వేడి 45 డిగ్రీల దాకా పెంచినా పట్టుకున్న దాంట్లో ఐదో వంతు కూడా వదల్లేదు, అంటే మన మే నెల ట్యాంకు నీళ్లకు కూడా జారిపోదన్నమాట. క్షారం కలిపి పీహెచ్ 11.4 చేస్తే 62 శాతం, 12.5 చేస్తే 86 శాతం వదిలింది, అదీ ఐదు నిమిషాల లోపే. పట్టడం, కడగడం పదిసార్లు చేసినా శక్తి తగ్గలేదు. సున్నపు తేట పీహెచ్ కూడా దాదాపు 12.5 ఉంటుంది కదా, దానితోనే కడగొచ్చు కదా అని నాకూ అనిపించింది. కానీ సున్నం తగలగానే ఫాస్ఫేట్ అక్కడికక్కడే గట్టిపడి పూసలకు పట్టేస్తుంది. కాస్టిక్ సోడా నీళ్లతో కడిగి, బయటికి వచ్చిన ఆ చిక్కటి నీళ్లలో తర్వాత సున్నం వేసుకుంటే తెల్లటి కాల్షియం ఫాస్ఫేట్ అడుగున చేరుతుంది. అదే సరుకు.

ఇక్కడ ఆగి ఇంకో లెక్క చెప్పాలి, లేకపోతే నేనూ బ్రోచర్ రాసినట్టవుతుంది. ఒక ప్రోటీన్ అణువు ఒక్క ఫాస్ఫేట్‌నే పడుతుంది. ఆ ప్రోటీన్ బరువు దాదాపు 34 వేలు, భాస్వరం పరమాణువు బరువు 31. అంటే ఒక కిలో భాస్వరాన్ని ఒకేసారి పట్టాలంటే టన్నుకు పైగా శుద్ధమైన ప్రోటీన్ కావాలి! గంటకోసారి కడిగి తిప్పుకున్నా, మా అపార్ట్‌మెంట్ కిలోకి నలభై ఆరు కిలోల ప్రోటీన్. ల్యాబ్‌లో వాడే ఆ పూసల ధరకు మా మెయింటెనెన్స్ మొత్తం పోసినా చాలదు. పైగా మురుగునీళ్లలో ప్రోటీన్ పెట్టడమంటే పిల్లి ముందు పాలు పెట్టడమే, అక్కడి బ్యాక్టీరియా దాన్ని నమిలేయాలని చూస్తుంది, జిడ్డు పట్టి పూసలు మూసుకుపోతాయి. పదిసార్లు పనిచేయడం పరిశోధనలో గొప్పే, ప్లాంటులో పది వారాలు, పది నెలలు పనిచేయాలి. కాబట్టి రేపే టెండరు పిలవండని నేను అనట్లేదు. ఎవరైనా సేల్స్ అబ్బాయి "బయో టెక్నాలజీ సార్" అని ఇదే పేరుతో ఏదో పొడి డబ్బా పట్టుకొస్తే నమ్మకండి కూడా. ఇంతకు ముందు అలాంటి పొడి ఒకటి మా ఎస్‌టీపీలో పోయించుకుని నురగ తప్ప ఏమీ చూడలేదు మేం.

మరి ఎందుకింత చెప్తున్నానంటే, ముందు చిక్కటి దాన్ని స్ట్రువైట్‌గానో ఇంకో మార్గంలోనో తీసేశాక చివరి ఒక మిల్లీగ్రాము దగ్గర ఇలాంటి గట్టి పట్టు ఉన్నదే కావాలి. మా నీళ్లకు లెక్క కడితే రోజుకు 135 గ్రాములు, గంటకోసారి తిప్పుకుంటే ఆరు కిలోల ప్రోటీన్. అది ఇంకా ఖరీదే, కానీ టన్ను కాదు. ప్రోటీన్ చవకవదు అనేవాళ్లకు మన ఊరి సంగతే గుర్తు చేస్తాను. హెపటైటిస్ బి టీకా ఒకప్పుడు దిగుమతి సరుకు, మధ్యతరగతి వాళ్లు కూడా ధర చూసి వెనక్కి తగ్గేవాళ్లు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ ఈస్టులో ఆ ప్రోటీన్ పెంచి టీకా తెచ్చాక ధర ఎక్కడికి దిగిందో ఆ రోజుల్లో పిల్లల్ని కన్న అమ్మానాన్నలకు తెలుసు. అంతెందుకు, మనం బకెట్లో వేసే బట్టల పొడిలో మరకలు తినే ఎంజైములున్నాయి, అవీ బ్యాక్టీరియా చేసిన ప్రోటీన్లే. పనిముట్టుగా వాడే ప్రోటీన్‌కు టీకా అంత శుద్ధి కూడా అక్కర్లేదు. సీసీఎంబీ, ఐఐసీటీ, ఐఐటీ హైదరాబాద్, జీనోమ్ వ్యాలీ లాంటి పరిశోధన కేంద్రాలన్నీ పెట్టుకుని, పక్కనే మూసీని పెట్టుకుని, ఈ ప్రశ్నకు మనకంటే సరైన ఊరు ఇంకెక్కడుంది చెప్పండి. చవకైన పూస ఏది, ఎక్కువ కాలం నిలిచే ప్రోటీన్ ఏది అనే రెండు ప్రశ్నలకు ఒక చిన్న ప్రాజెక్టు ఇచ్చి, ఏదైనా ఎస్‌టీపీ చివర ఒక డ్రమ్ము పెట్టి చూడమని అడుగుతున్నాను. పోతే ఆ ఖర్చు ఒక సీజన్ డెక్క టెండరు అంత ఉంటుందేమో.

ఇంకో సంగతి మా అన్నయ్య గుర్తు చేశాడు. మా చిన్నప్పుడు ఎండాకాలం చెరువు ఎండితే బండ్ల మీద పూడిక మట్టి పొలాలకు తోలేవాళ్లం, గొర్రెల మందను రాత్రుళ్లు మళ్లల్లో పడుకోబెట్టినందుకు గొల్లవాళ్లకు ధాన్యం కొలిచేవాళ్లం. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఊరి చెరువుల మట్టిని రైతులు మళ్లీ ట్రాక్టర్లతో తోలుకున్నారు, మా అన్నయ్య కూడా తోలాడు. పొలం నుంచి వెళ్లింది చెరువులో కూర్చుని తిరిగి పొలానికే వచ్చేది. "మీ సిటీ చెరువు మట్టి కూడా అట్లనే పంపియ్‌రాదు" అన్నాడు. ఎలా పంపను? అందులో ఫ్యాక్టరీల సీసం ఉంటుంది, ఆసుపత్రి నీళ్లుంటాయి, ప్లాస్టిక్ ఉంటుంది. ఆ మట్టిని వరి మడిలో వేయమని ఏ ముఖంతో చెప్తాను. అందుకే నాకు ఆ కాపలావాడి మీద అంత మక్కువ. ఇంత కంపులోంచి ఒక్క ఫాస్ఫేట్‌ను మాత్రమే ఏరి, దాదాపు శుభ్రంగా చేతిలో పెట్టే పద్ధతి ఉంటేనే సిటీ నుంచి ఊరికి ఆ బండి మళ్లీ కదులుతుంది.

ప్రోటీన్ సంగతి ఎప్పటికి తేలుతుందో గానీ, ఈ నెలలోనే చేయదగ్గ పని ఒకటుంది. ఎస్‌టీపీ నెలవారీ రిపోర్టులో మొత్తం భాస్వరం అనే గడి పెట్టమని అధికారులు ఒక సర్క్యులర్ ఇవ్వాలి. అపార్ట్‌మెంట్లకు, సిటీ పెద్ద ప్లాంట్లకు, అందరికీ. కొలిచే పద్ధతి పాతదే, మాలిబ్డినం కలిపితే నీళ్లు నీలంగా మారతాయి, ఎంత నీలమైతే అంత ఫాస్ఫేట్. ఇంటర్ ల్యాబ్‌లో చేయించదగ్గ పరీక్ష ఇది. మీరూ ఒక సాయం చేయండి, ఈసారి చెరువు ఫొటో వేసేటప్పుడు ఆ చెరువులోకి వచ్చే నీళ్లలో భాస్వరం ఎంతో అధికారుల్ని అడిగి, ఆ అంకె కూడా ఫొటో కింద వేయండి. అంకె లేదంటే లేదనే వేయండి.

మా అపార్ట్‌మెంట్ రిపోర్టులో ఆ గడి వచ్చే నెల నుంచి ఉంటుంది. పరీక్షకు అదనంగా అయ్యే డబ్బు దండగ అని మీటింగులో ఇద్దరు అడ్డం తిరిగారు, చాలాసేపు గొడవైంది, చివరికి మూడు నెలలకైతే సరేనన్నారు.

— రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, హైదరాబాద్